పండితుని పత్రాలు, ప్రజల అమానతు

ఖుర్‌ఆన్‌లోని ఆయతులన్నిటిలోకి దీర్ఘమైనది ఏదని అడిగితే మదరసా విద్యార్థి వెంటనే సూరా బఖరాలోని 282వ ఆయతు అని చెబుతాడు. ఆ ఆయతు విషయం నమాజు కాదు, రోజా కాదు. ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకున్న అప్పును రాసి పెట్టుకోవడం. రాసేవాడు న్యాయంగా రాయాలి. చిన్న మొత్తమైనా విసుగు చెందక రాయాలి. సాక్షులుండాలి. అన్నిటికంటె గమనార్హమైన విషయం, పత్రంలోని మాటలు చెప్పి రాయించవలసినవాడు అప్పిచ్చిన షావుకారు కాదు, బాకీపడిన మనిషి. అతడు బలహీనుడైతే అతని సంరక్షకుడు న్యాయంగా చెప్పి రాయించాలి. ఎవరి జీవితం ఆ పత్రానికి కట్టుబడి ఉంటుందో అతని మాటే అందులో ఉండాలన్నది దీని సారం.

ఒక పండితుడు మరణించిన తరువాత ఆయన ఇంట మిగిలే కాగితాల గురించి ఆలోచించేటప్పుడు ఈ సూత్రాన్ని జ్ఞాపకం ఉంచుకోవడం అవసరం. ఆ కాగితాలు ఆయన స్వంత సొత్తు అని లోకం అనుకుంటుంది. వారసులూ అలాగే అనుకుంటారు. కాని మానవశాస్త్రంలోనూ మౌఖిక చరిత్రలోనూ పనిచేసిన పండితుని పెట్టెలో ఎక్కువ భాగం ఇతరుల మాటలే ఉంటాయి. ఎవరో ముసలమ్మ చెప్పిన వంశక్రమం, ఎవరో కుల పెద్ద చూపించిన పొలిమేర, ఎవరో రైతు చెప్పుకున్న బాకీ. ఇవన్నీ ఆయనకు నమ్మకంతో అప్పగించిన వస్తువులు. ఇస్లామీయ పరిభాషలో చెప్పాలంటే అవి అమానతు. అమానతును పోగొట్టకుండా కాపాడటం సగం బాధ్యత మాత్రమే. దానిని హక్కుదారుకు తిరిగి చేర్చడం మిగిలిన సగం.

ఈ రెండో సగాన్ని అర్థం చేసుకోవడానికి దూరదేశాలకు పోనక్కరలేదు. తూర్పు కనుమల్లోని రాజవొమ్మంగి నుండి బయలుదేరితే చాలు.

రాజవొమ్మంగి: ఒకే పక్షం రాత

ఒకప్పటి తూర్పు గోదావరి ఏజెన్సీలోని రాజవొమ్మంగి తెలుగువారి చరిత్రలో ఒక తేదీతో ముడిపడి ఉంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరుసగా మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసింది. రాజవొమ్మంగిలో బందీగా ఉన్న వీరయ్యదొరను విడిపించింది. పట్టుకుపోయిన ఆయుధాల వివరాలను రాజు స్వయంగా రాసి సంతకం చేసి పెట్టేవాడన్న సంగతి ఇప్పటికీ అక్కడివారు చెప్పుకుంటారు. 1924 మే 7న ఆయన కాల్చివేయబడటంతో ఆ పోరాటం ముగింపుకు వచ్చింది.

ఈ రెండేళ్ళ కథకు చరిత్రకారులకు లభించే లిఖిత ఆధారాల్లో అధికభాగం మద్రాసు ప్రభుత్వపు పోలీసు, రెవెన్యూ కాగితాలే. గూడెం, రంప కొండల్లో 1839 నుండి 1924 వరకు జరిగిన తిరుగుబాట్లన్నిటినీ ఒక వరుసలో పెట్టి డేవిడ్ ఆర్నాల్డ్ 1982లో ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసం కూడా ముఖ్యంగా సర్కారు రికార్డులను ఎదురు దిశ నుండి చదివి రాసినదే. మరో దారి లేదు. ఆ కాగితాల్లో కొండదొర, కొండరెడ్డి కనిపించేది నిందితుడుగానో, సాక్షిగానో, పన్ను ఎగవేసినవాడుగానో. అడవిలో పోడు కొట్టుకోవడానికి అడ్డు వచ్చిన ఆంక్షల గురించి, కూలి ఇవ్వకుండా రోడ్డు పని చేయించిన అధికారుల గురించి ఆ మనుషులు తమ ఇళ్ళలో తమ భాషలో ఏమనుకున్నారో రాసిపెట్టిన చెయ్యి లేదు. ఆయతు చెప్పిన పద్ధతికి ఇది సరిగ్గా తలకిందులు. బాకీపడినవాడు చెప్పలేదు, అప్పిచ్చినవాడే రాసుకున్నాడు.

ఈ లోటు పూడ్చగలిగేది ఎవరు? జనం మధ్య కూర్చుని, వారి మాట విని, విన్నది విన్నట్టు రాసుకునే పండితుడు. అటువంటివాడు ఈ కొండలకు పొరుగునే ఒకడు వచ్చాడు. ఆయన రావడం కూడా కొంత యాదృచ్ఛికమే.

పాపికొండలకు వచ్చిన వియన్నా పండితుడు

రాజవొమ్మంగి నుండి పడమరగా కొండలు దాటుకుంటూ పోతే రంపచోడవరం వస్తుంది. ఇంకా ముందుకు పోతే గోదావరి, పాపికొండలు. ఈ దారి పొడుగునా కొండరెడ్ల ఊళ్ళున్నాయి. 1948కి ముందు ఈ ఒకే జాతి రెండు ప్రభుత్వాల కింద ఉండేది. తూర్పున ఉన్నవారు మద్రాసు ఇలాకా ప్రజలు. ఎగువన నది ఆవలి ఒడ్డున, పాల్వంచ వైపు ఉన్నవారు నిజాం ఇలాకా ప్రజలు. ఇటువైపువారి కాగితాలు ఇంగ్లీషులో, అటువైపువారి కాగితాలు ఉర్దూలో తయారయ్యేవి. తెలుగు మాట్లాడే ఆ కొండవారు రెండింటిలో దేనినీ చదవలేరు.

క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో జన్మించాడు. 1936, 37 సంవత్సరాల్లో నాగా కొండల్లో పరిశోధన చేశాడు. 1939లో భార్య బెట్టీతో కలిసి మళ్ళీ భారతదేశానికి వచ్చాడు. అంతలో రెండో ప్రపంచ యుద్ధం మొదలయింది. అప్పటికి ఆస్ట్రియా జర్మనీలో కలిసిపోయి ఉన్నందున ఆయన చేతిలో ఉన్నది శత్రుదేశపు పాస్‌పోర్టు. దానితో ఆయన నిజాం రాజ్యం పరిధిలోనే ఉండవలసి వచ్చింది. ఇతరులకు ఇది శిక్ష అయ్యేది. ఆయన మాత్రం ఆ కాలాన్ని నల్లమల చెంచులతోను, గోదావరి తీరపు కొండరెడ్లతోను, ఆదిలాబాదు రాజగోండులతోను గడిపాడు. చెంచుల మీద 1943లో, కొండరెడ్ల మీద 1945లో, రాజగోండుల మీద 1948లో ఆయన గ్రంథాలు వెలువడ్డాయి. రెండవది ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’. పాపికొండల రెడ్ల జీవితానికి నేటికీ అదే ముఖ్య ఆధారం.

ఆ గ్రంథంలో పోడు సేద్యం, దేవతలు, పెళ్ళిళ్ళు మాత్రమే కాక, మైదానం నుండి వచ్చిన కలప, వెదురు వ్యాపారులు రెడ్లను బాకీలలో బంధించి చాకిరీ చేయించుకున్న తీరు కూడా ఉంది. లెక్క పుస్తకం వ్యాపారి చేతిలో ఉండేది. రెడ్డికి తన బాకీ ఎంతో తెలియదు, అది ఎప్పుడు తీరుతుందో అసలే తెలియదు. పండితుడు ఆ బాకీల కథను బాకీదారు నోటి నుండి విని రాసుకున్నాడు. ఆయన పని విలువ ఇక్కడ ఉంది.

1940లో జోడేఘాట్ వద్ద కొమురం భీము చంపబడిన తరువాత నిజాం ప్రభుత్వం గోండుల అసంతృప్తికి కారణాలు తెలుసుకొనడానికి హైమన్‌డార్ఫ్ సహాయం తీసుకున్నది. మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం వెలిసింది. 1945 నుండి 1949 వరకు ఆయన గిరిజన, వెనుకబడిన తరగతుల వ్యవహారాల్లో ప్రభుత్వ సలహాదారుగా ఉన్నాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధించాడు. 1359 ఫసలీ, అనగా 1949లో, హైదరాబాదు రాజ్యంలో వచ్చిన గిరిజన ప్రాంతాల రెగ్యులేషను ఆ కాలపు కృషిలో భాగమే. అధికారి అయిన పండితుడు పూర్తిగా జనం మనిషి కాలేడన్న విమర్శ ఉన్నది. అది నిర్లక్ష్యం చేయదగినది కాదు. సర్కారు జీతం తీసుకున్న చెయ్యి రాసినదాన్ని ఆ ఎరుకతోనే చదవాలి. అయితే అలా చదవాలన్నా ఆయన రాసిన మూలపత్రాలు మిగిలి ఉండాలి కదా.

పుస్తకం వేరు, నోటుబుక్కు వేరు

1949లో హైమన్‌డార్ఫ్ లండన్‌లోని ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయనాల పాఠశాలలో చేరాడు. 1976లో పదవీ విరమణ చేసేవరకు అక్కడే బోధించాడు. ఈ సంస్థ 1916లో ప్రాచ్య విద్యల కోసం స్థాపించబడింది. 1938లో దాని పేరులో ఆఫ్రికా చేరింది. ఆసియా, ఆఫ్రికా దేశాల్లో పనిచేసిన ఎందరో పండితుల, మిషనరీల, ఉద్యోగుల స్వంత పత్రాలు దాని భాండాగారంలో పక్కపక్కనే ఉన్నాయి. హైమన్‌డార్ఫ్ దినచర్యలు, క్షేత్ర నోటుబుక్కులు, వేలాది ఛాయాచిత్రాలు అక్కడికే చేరాయి. ఆయన 1995లో లండన్‌లో మరణించాడు.

అచ్చయిన పుస్తకాలు ఉండగా ఈ కాగితాలు దేనికని కొందరు అడుగుతారు. హదీసు విద్య ఎరిగిన పాఠకులకు దీని జవాబు కష్టం కాదు. హదీసుకు మతను ఎంత అవసరమో సనదు అంత అవసరం. ఎవరు, ఎవరి నుండి, ఎప్పుడు విన్నారో తెలియనప్పుడు ఆ మాట బలం ఎంతో తేల్చలేరు. మానవశాస్త్రజ్ఞుని పుస్తకం మతను వంటిది. ఆయన నోటుబుక్కు సనదు వంటిది. పుస్తకంలో ‘రెడ్లు ఇలా నమ్ముతారు’ అని ఒక్క వాక్యం ఉంటుంది. అది ఏ ఊరిలో, ఏ మనిషి, ఏ సందర్భంలో చెప్పినదో, పక్కవాడు దానిని ఖండించాడో లేదో నోటుబుక్కులో ఉంటుంది. పుస్తకం చదివినవాడు పండితుని అభిప్రాయం తెలుసుకుంటాడు. నోటుబుక్కు చదివినవాడు ఆ అభిప్రాయాన్ని పరీక్షించగలుగుతాడు.

హైదరాబాదు గడ్డ మీద పుట్టిన మరొక పండితుని కృషి ఈ సందర్భంలో జ్ఞాపకం వస్తుంది. డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా (1908–2002) ఉస్మానియాలో చదివి, ఐరోపాలో పరిశోధన చేసి, బెర్లిన్‌లోను డమాస్కస్‌లోను ఉన్న రెండు వ్రాతప్రతుల ఆధారంగా హమ్మామ్ ఇబ్న్ మునబ్బిహ్ సహీఫాను వెలుగులోకి తెచ్చాడు. ఇది అబూ హురైరా (రజి) తన శిష్యునికి చెప్పిన 138 హదీసుల చిన్న పుస్తకం. అంటే ఒక శిష్యుని స్వంత నోటుబుక్కు. తరువాతి శతాబ్దాల బృహత్ సంకలనాల్లోని హదీసులను ఈ పాత నోటుబుక్కుతో పోల్చి చూడడానికి వీలయింది. సంకలనాలు ఉండగా ఈ చిన్న పుస్తకం దేనికని మధ్యలో ఎవరైనా దానిని పారవేసి ఉంటే ఆ పరీక్షకు అవకాశమే ఉండేది కాదు.

నోటుబుక్కు విలువ హైమన్‌డార్ఫ్ జీవితంలోనే రుజువయింది. పదవీ విరమణ తరువాత ఆయన పాత ఊళ్ళకు తిరిగి వచ్చాడు. 1940లలో తాను చూసినదానిని, దాదాపు ముప్పై అయిదేళ్ళ తరువాతి స్థితితో పోల్చి 1982లో ‘ట్రైబ్స్ ఆఫ్ ఇండియా’ అనే గ్రంథం ప్రకటించాడు. గిరిజనుల భూములు ఎలా పరులపాలయ్యాయో అందులో ఊరూరా చూపించాడు. ముందు రాసుకున్న కాగితాలు లేకపోతే ‘వెనుక బాగుండేది’ అనే పెద్దల నిట్టూర్పు తప్ప ఆధారం మిగిలేది కాదు.

ఆఫ్రికా నేర్పిన పాఠాలు

స్వంత పత్రాల పరిరక్షణలో ఎక్కువ దెబ్బలు తిని ఎక్కువ పాఠాలు నేర్చినది ఆఫ్రికా చరిత్ర. అక్కడ వలసపాలకుల దస్త్రాలు ఒకవైపు, పండిత కుటుంబాల గ్రంథాలయాలు మరొకవైపు, వృద్ధుల నోట నిలిచిన చరిత్ర ఇంకొకవైపు ఉన్నాయి.

టింబక్టూ పండితుడు అహ్మద్ బాబా (1556–1627) ఉదంతం ప్రసిద్ధం. మొరాకో సైన్యాలు ఆ నగరాన్ని ఆక్రమించిన తరువాత ఆయనను బంధించి మరాకిష్‌కు తీసుకుపోయారు. తన పుస్తకాలు దోపిడీ అయినందుకు ఆయన విచారిస్తూ, తమ బంధువులందరిలోకి తన గ్రంథాలయమే చిన్నదని, అందులోనే 1,600 సంపుటాలు ఉండేవని చెప్పుకున్నట్టు చరిత్ర. ఆయన పేరిట 1973లో టింబక్టూలో వ్రాతప్రతుల కేంద్రం ఏర్పడింది. 2012లో సాయుధ వర్గాలు ఆ నగరాన్ని పట్టుకున్నాయి. 2013 జనవరిలో పారిపోతూ ఆ కేంద్రంలోని వేలాది వ్రాతప్రతులను ధ్వంసం చేశాయి. అయినప్పటికీ అత్యధిక భాగం దక్కింది. కారణం, ఆ నగరపు గ్రంథపాలకులూ పండిత కుటుంబాలవారూ అంతకు ముందే వాటిని రేకు పెట్టెల్లో సర్ది, జీపుల్లోను పడవల్లోను బమాకోకు చేరవేశారు. తరతరాలుగా వాటిని అమానతుగా భావించిన కుటుంబాలున్నందువల్లనే ఇది సాధ్యమయింది.

రెండో పాఠం మౌఖిక చరిత్రది. బెల్జియం చరిత్రకారుడు యాన్ వాన్సినా (1929–2017) 1961లో మౌఖిక సంప్రదాయం మీద ప్రకటించిన గ్రంథంలో, నోటిమాటను కూడా చరిత్రకు ఆధారంగా తీసుకోవచ్చునని, అయితే అది ఎవరి నుండి ఎవరికి ఎలా చేరిందో పరిశీలించాలని వాదించాడు. హదీసు విద్యార్థులకు ఈ మాట కొత్తది కాదు. 1968లో అమెరికా చరిత్రకారుడు ఫిలిప్ కర్టిన్ ఆఫ్రికా చరిత్ర పత్రికలో ఒక వ్యాసం రాసి, సేకరించిన మౌఖిక సాక్ష్యాలను చరిత్రకారుడు తన వద్ద దాచుకొనరాదని, ఇతరులు పరీక్షించేందుకు వీలుగా టేపుల ప్రతులను భాండాగారాల్లో ఉంచాలని కోరాడు. అంతవరకు చాలామంది టేపులను, నోటుబుక్కులను తమ స్వంత పనిముట్లుగా భావించేవారు. పండితునితోపాటు అవీ పోయేవి.

మూడో పాఠం చేదుది. 2021 ఏప్రిల్ 18న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలో జాగర్ గ్రంథాలయం కొండ మంటల్లో చిక్కుకున్నది. ఆఫ్రికా అధ్యయనాల ముద్రిత సంపద, చలనచిత్రాలు పెద్ద మొత్తంలో కాలిపోయాయి. అగ్నినిరోధక తలుపులు మూసుకున్నందువల్ల నేలమాళిగలోని వ్రాతపత్రాలు చాలావరకు దక్కినా, మంట ఆర్పిన నీటిలో అనేకం తడిశాయి. పెద్ద సంస్థకు అప్పగించాము గనుక ఇక భయం లేదనుకోవడం పొరపాటని, ఒకేచోట ఉన్న ఒకే ప్రతి ఎన్నటికీ క్షేమం కాదని ఈ సంఘటన తెలియజేస్తుంది.

పరిరక్షణలో పాటించవలసిన క్రమం

పండితుని మరణానంతరం సాధారణంగా జరిగేదేమిటో అందరికీ విదితమే. పుస్తకాలకు వెల ఉంటుంది గనుక అవి ఎవరో కొంటారు. కాగితాలు కొన్నాళ్ళు అటకమీద ఉండి చివరకు పాత కాగితాలవాడి తక్కెడకు ఎక్కుతాయి. ఇలా జరగకుండా ఉండాలంటే కొన్ని నియమాలు తెలిసి ఉండాలి.

మొదటిది, వరుస చెదరనీయకపోవడం. పండితుడు ఏ కట్టలో ఏ కాగితం ఉంచాడో అదే ఒక సాక్ష్యం. ఉత్తరాలన్నీ ఒకచోట, ఫొటోలన్నీ ఒకచోట అని శుభ్రంగా సర్దే బంధువు తెలియకుండానే ఎంతో నష్టం చేస్తాడు. ఫొటో ఏ నోటుబుక్కులో దొరికిందో ఆ సంబంధం ఒకసారి తెగితే మళ్ళీ అతకదు. ముందుగా ఉన్నది ఉన్నట్టు జాబితా రాయాలి. ఆ తరువాతే చెయ్యి వేయాలి.

రెండవది, పదార్థ రక్షణ. తేమ, వేడి, వెలుతురు, చెద, వెండిపురుగు, ఇవి కాగితానికి శత్రువులు. తూర్పు కనుమల వంటి వానచోట్ల తేమే ప్రథమ శత్రువు. తుప్పుపట్టే గుండుసూదులు, రబ్బరు పట్టీలు తీసివేయాలి. చిరుగులకు అంటుకునే టేపు వేయరాదు. ప్లాస్టిక్ పొరలో శాశ్వతంగా బిగించరాదు. ఆమ్లం లేని కాగితపు కవర్లు ఉత్తమం. పాత ఫిలిముల నుండి పుల్లటి వినెగరు వాసన వస్తే అవి కుళ్ళుతున్నాయన్నమాట. వాటిని వేరుచేసి, చల్లని పొడి చోట ఉంచి, వెంటనే ప్రతి తీయించాలి. అసలు ప్రతులు ఒకచోట, నకళ్ళు వేరే ఊరిలో ఉండాలి.

మూడవది, పేర్లు. ఛాయాచిత్రం వెనుక ‘రెడ్డి స్త్రీ’ అని మాత్రమే ఉంటే అది సగం చచ్చిన ఫొటో. ఆమె ఎవరు, ఏ ఊరు, ఏ సంవత్సరం అన్నది తెలిసినవారు జీవించి ఉండగానే అడిగి రాయాలి. ఈ పని లండన్‌లోని ఉద్యోగి చేయలేడు. ఆ కొండల్లోని మనుమలు, మనుమరాళ్ళే చేయగలరు.

నాలుగవది, గోప్యం. తనను నమ్మి చెప్పినవారి నేరాలు, కలహాలు, కుటుంబ రహస్యాలు కూడా పండితుని నోటుబుక్కులో ఉండవచ్చు. అన్నింటినీ వెంటనే అందరికీ చూపడం అమానతులో ఖియానతు అవుతుంది. అటువంటి పుటలకు గడువు పెట్టి మూసి ఉంచడం భాండాగారాల ఆచారం. ఆ గడువును పండితుని వారసులతోపాటు ఆ సమాజపు పెద్దలను కూడా అడిగి నిర్ణయించడం న్యాయం.

తిరిగి చేరవలసిన చోటు

ఇంత చేసినా పెట్టె లండన్‌లో, జనం కొండల్లో ఉంటే అమానతు చేరనట్టే. హైమన్‌డార్ఫ్ ఛాయాచిత్రాలను ఆ సంస్థ కంప్యూటరు ప్రతులుగా మార్చి ఎవరైనా చూడగలిగేట్టు చేసింది. ఇది మంచి పని. అయితే వాటి జాబితాలు, వివరణలు ఇంగ్లీషులో ఉన్నాయి. నాగా కొండల్లో ఆయన రాసుకున్న దినచర్య జర్మన్ భాషలో ఉండగా, దానిని ఇంగ్లీషులోకి అనువదించిన తరువాతనే కేంబ్రిడ్జి పండితులు నాగాల మీద తయారుచేసిన సంకలనంలో అందరికీ ఉపయోగపడింది. అనువాదం లేని పరిరక్షణ తాళం వేసిన గదివంటిదని దీనివల్ల తెలుస్తున్నది. పాపికొండల పత్రాలకు తెలుగు జాబితా, తెలుగు వివరణ ఇంకా కావలసి ఉన్నది.

ఇది కేవలం విద్యావిషయం కూడా కాదు. 2006లో పార్లమెంటు అటవీ హక్కుల చట్టం చేసింది. 2008లో వచ్చిన దాని నియమాల్లో 13వ నియమం, అడవి మీద హక్కు కోరేవారు ఏయే ఆధారాలు చూపవచ్చునో చెబుతుంది. వాటిలో సర్కారు రికార్డులతోపాటు పేరుగన్న సంస్థలు ఆచార సంప్రదాయాల మీద చేసిన పరిశోధనలు, పూర్వపు సంస్థానాల, రాజ్యాల రికార్డులు, వంశక్రమాలు, శ్మశానాలు, దేవతా స్థలాలు, వృద్ధుల లిఖిత వాంగ్మూలాలు ఉన్నాయి. అధికార సంఘాలు ఇటువంటి ఆధారాల్లో ఒకటికంటె ఎక్కువ పరిశీలించాలని కూడా నియమం ఉన్నది. అనగా ఒక పండితుడు ఎనభై ఏళ్ళ క్రితం ఒక ఊరి పొలిమేర గురించి రాసిన పుట నేడు ఆ ఊరి దరఖాస్తుకు బలం చేకూర్చగలదు. ఆ పుట ఎక్కడున్నదో తెలియకపోతే ఆ బలం లేనట్టే.

దీనికి కాలం కూడా ఎంతో లేదు. పోలవరం ఆనకట్ట నీటి కింద పోతున్న ఊళ్ళలో కోయల, కొండరెడ్ల ఊళ్ళు ఎన్నో ఉన్నాయి. దేవీపట్నం వైపు పలు గ్రామాలు ఇప్పటికే ఖాళీ అయ్యాయి. 2014లో తెలంగాణ నుండి ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు కూడా ముంపులో ఉన్నాయి. ఊరు మునిగిన తరువాత శ్మశానమూ, దేవతా స్థలమూ చూపించి సాక్ష్యం చెప్పుకునే వీలుండదు. అప్పుడు మిగిలేది కాగితం, ఫొటో, జ్ఞాపకం. జ్ఞాపకం ఉన్నవారు ముసలివారు.

ఉర్దూ తెలిసినవారి బాధ్యత

కుక్కునూరు, వేలేరుపాడు ఒకప్పుడు నిజాం రాజ్యంలోని భాగాలు. అక్కడి అడవి, భూమి, పన్నుల గురించి ఆనాటి కచేరీలలో తయారయిన కాగితాలు ఉర్దూలో ఉన్నాయి. సంస్థానాల రికార్డు చట్టప్రకారం ఆధారమే. కాని ఆ షికస్తా రాతను చదవగల కళ్ళు ఏటేటా తగ్గిపోతున్నాయి. చరిత్ర పరిశోధన చేసే తెలుగు యువకులకు ఉర్దూ రాదు. ఉర్దూ వచ్చిన మదరసా యువకులకు ఈ కాగితాలతో తమకు సంబంధం ఉన్నదని ఎవరూ చెప్పలేదు. హైదరాబాదులో 1888 నుండి దాయిరతుల్ మఆరిఫ్ అరబీ వ్రాతప్రతులను పరిష్కరించి ప్రపంచానికి అందించింది. ఆ సంప్రదాయానికి వారసులైనవారు ఒక కొండరెడ్డి పొలిమేర కాగితాన్ని చదివి తెలుగులో పెట్టడం చిన్న పని అనుకోనక్కరలేదు. దానివల్ల ఒక కుటుంబానికి నేల దక్కవచ్చు.

తెలుగు ముస్లింల ఇళ్ళలో కూడా ఇటువంటి పెట్టెలున్నాయి. ఆలిముల ఫత్వా పుస్తకాలు, ఖాజీల నికాహ్ దఫ్తర్లు, ఉపాధ్యాయుల ఉత్తరాలు. వీటిలోనూ ఇతరుల జీవితాలే ఉన్నాయి. పరుల అమానతును కాపాడటం నేర్చినవారికి తమ ఇంటి అమానతు విలువ వేరుగా చెప్పనవసరం లేదు.

బెట్టీ 1987లో హైదరాబాదులో మరణించినప్పుడు ఆమెను మార్లవాయి గోండుల మధ్యనే సమాధి చేశారు. ఆమె భర్త అస్థికలు కూడా తరువాతి కాలంలో అక్కడికే చేరాయి. ఆ దంపతులు తమ దేహాలను ఆ నేలకు అప్పగించారు. వారికి ఆ జనం చెప్పిన మాటలు మాత్రం ఇంకా దూరదేశంలోనే ఉన్నాయి. వాటిని చదివి, అనువదించి, చెప్పినవారి మనుమల చేతికి అందించినప్పుడే ఆ బాకీ తీరుతుంది.